బచ్చలింట్లో గ్యాస్ గీజరు: బిగించే ముందు, వెలిగించే ముందు

అనంతపురంలో గ్యాస్ పొయ్యిలు, గీజర్లు బాగుచేయడం నా పని. కొత్తవి బిగిస్తా, పాతవి ఊడదీసి కడిగి పెడతా. కార్తీకం వచ్చిందంటే నా ఫోను ఊరకుండదు. "గీజరు టకటకమంటాంది గానీ అంటుకోలేదు", "నీళ్లు గోరువెచ్చగానే వస్తాండాయి", "బ్యాటరీలు కొత్తవేసినా అంతే" అని. స్నానం చేసి వస్తే తలనొప్పి వస్తాంది, ఒకసారి వచ్చి గీజరు చూడు అని మాత్రం ఎవరూ అడగరు. తలనొప్పికి మాత్ర వేసుకుంటారు, గీజరుకు నన్ను పిలుస్తారు. ఆ రెంటికీ ఉన్న సంబంధం గురించే ఇక్కడ రాస్తున్నా.

గ్యాస్ అనగానే మనకు లీకు భయం ఒక్కటే. అది మంచి భయమే. సిలిండర్ గ్యాస్‌కు సొంత వాసన లేదు కాబట్టి, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. ఆ కుళ్లు కంపుకు అందరం లేచి కిటికీలు తెరుస్తాం. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు అట్లాంటి వాసన ఎవరూ కలపలేదు. రంగుండదు, వాసనుండదు, కళ్లు మండవు, దగ్గు రాదు. పైగా అది లీకైన గ్యాస్‌లోంచి వచ్చేది కాదు. మండుతున్న గ్యాస్‌లోంచే, గాలి చాలక అరకొరగా మండినప్పుడు పుడుతుంది. సబ్బు నురుగు పూసి ప్రతి జాయింటూ చూసుకుని, ఎక్కడా ఒక్క బుడగ రాని ఇంట్లో కూడా పుట్టొచ్చు. "మా ఇంట్లో లీకేజీ లేదన్నా" అన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఒక చిన్న లెక్క చూడండి. మన ఇళ్లలో బచ్చలి 5 అడుగులకు 6 అడుగులు, ఎత్తు 8 అనుకుందాం. 240 ఘనపుటడుగులు, అంటే 7 ఘనపు మీటర్లకు కాస్త తక్కువ. నిమిషానికి 6 లీటర్లిచ్చే గీజరు పూర్తి మంట మీద గంటకు కిలోకు కొంచెం తక్కువ గ్యాస్ తాగుతుంది. కిలో గ్యాస్ సరిగ్గా మండాలంటే సుమారు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటుంది. తలుపూ వెంటిలేటరూ బిగించిన ఆ గదిలో గీజరు మండుతూ ఉంటే, లెక్క ప్రకారం ఐదారు నిమిషాలకే అది 18 శాతం దగ్గరికి దిగుతుంది. తలుపు కింద సందుంటుంది కాబట్టి నిజంగా ఇంకొంచెం సేపు పట్టొచ్చు. కానీ మంట చెడిపోవడానికి ఆక్సిజన్ మొత్తం అయిపోనక్కరలేదు. 18కి వచ్చేసరికే, తాను వదిలిన గాలినే మళ్లీ పీల్చుకుంటూ, గీజరు కార్బన్ మోనాక్సైడ్‌ను జోరుగా వదలడం మొదలుపెడుతుంది.

అది రక్తంలోకి చేరితే, ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుంటే తొందరగా వదలదు. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలో చేరినదాంట్లో సగం పోవడానికే నాలుగైదు గంటలు. మాస్కు పెట్టి పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. అందుకే ఆస్పత్రికి పోవాలంటారు, ఫ్యాను కింద పడుకోబెడితే చాలదు.

ఎంత ఉంటే ఎంత ప్రమాదమో కొలతలున్నాయి. పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. 200 పీపీఎం ఉన్నచోట రెండు మూడు గంటలుంటే తలనొప్పి. 800 ఉంటే ముప్పావు గంటలో తల తిరగడం, కడుపులో తిప్పడం. 1600 అయితే 20 నిమిషాల్లోనే అవన్నీ వస్తాయి, గంటలో ప్రాణం మీదికొస్తుంది. 3200 అయితే తల తిరగడానికి ఐదు పది నిమిషాలు, ప్రాణానికి అరగంట. తలంటుకునే ఆడవాళ్లు బచ్చలిలో ఎంతసేపుంటారో ఇంట్లోవాళ్లకు తెలుసు.

ఎక్కడ బిగించాలి

నన్నడిగితే కంపెనీ పేరు కన్నా, రేటు కన్నా, గీజరు ఏ గోడ మీద ఉందన్నదే ముఖ్యం. బచ్చలి లోపల బిగించమంటే నేను బిగించను. ఈ మాటకు బేరాలు పోయాయి, పోతే పోనీ.

బయట పెట్టండి. వాష్ ఏరియా, బాల్కనీ, దొడ్డివైపు గోడ, మెట్ల కింద కాకుండా గాలి ఆడే ఏ చోటైనా. వాన పడకుండా పైన చిన్న రేకు చాలు, మూడువైపులా రేకులు కొట్టి పెట్టె చేయొద్దు. అక్కడి నుంచి వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తీసుకోండి. వేడినీళ్లు తట్టుకునే సీపీవీసీ పైపు వాడండి, చన్నీళ్లకు వేసే మామూలు పైపు మెత్తబడిపోతుంది.

దీనికి మన ఊళ్లో ఎప్పుడూ వచ్చే అభ్యంతరం నీళ్లు. పాతూరులో ఒక పెద్దమ్మ నాతో గట్టిగానే వాదించింది.

"ఏం అబ్బయ్యా, యాడో దొడ్లో పెడితే వేడినీళ్లు వచ్చేలోపల అర బకెట్టు చన్నీళ్లు పారిపోవా? మాకు కొళాయి వచ్చేదే రోజు మార్చి రోజు."

"పారబోయొద్దు మ్మా. ముందొక బకెట్టు పట్టుకో, ఆ నీళ్లు గిన్నెలకు వాడుకో."

"మరి ఆన్ చేయాలంటే దొడ్లోకి పోవాల్నా?"

"అక్కర్లేదు. కొళాయి తిప్పితే నీళ్ల ఒత్తిడికి అదే వెలుగుతుంది, కట్టేస్తే అదే ఆరిపోతుంది."

అప్పటికి ఒప్పుకుంది. ఆమె అన్నది తప్పేం కాదు, అనంతపురంలో అర బకెట్టు అర బకెట్టే. పైపు పొడవు తగ్గించడానికి గీజరును బచ్చలి గోడకే, బయటివైపు పెట్టొచ్చు. కానీ అక్కడొక మెలిక ఉంది.

పెద్దమ్మ ఇంట్లో బచ్చలి వెనకగోడ మీద గాజు పలకల వెంటిలేటర్ ఉంది. అంతకుముందు ఎవరో గీజరు బిగించడానికి మేకులు కొట్టి వదిలేసిపోయారు, సరిగ్గా ఆ వెంటిలేటర్ కిందే. బయటే కదా అనుకున్నారు. గీజరు పైకప్పులో ఉండే సందుల నుంచి వేడి గాలి నేరుగా పైకి లేస్తుంది. లేచి పైనున్న వెంటిలేటర్‌లోకి దూరుతుంది. లోపల ఎగ్జాస్ట్ ఫ్యాను లేకపోయినా, స్నానం చేసే మనిషి తలుపు మూశాక గాలి వచ్చే దారి ఆ ఒక్కటే కాబట్టి అటే లాక్కుంటుంది. బయట గోడ మీద ఉన్న గీజరు పొగ కూడా లోపలి మనిషికే చేరుతుంది. ఆ మేకులు వదిలేసి పక్కగా, ఏ కిటికీ కిందా పడకుండా కొత్తగా తొలిచాను. నా లెక్క, కిటికీ గానీ వెంటిలేటర్ గానీ గీజరుకు పైన ఉండకూడదు, పక్కకైనా నాలుగైదు అడుగులు దూరముండాలి. మీ గీజరు ఇప్పటికే అట్లా ఉంటే ఈ వారంలోనే మార్పించుకోండి.

అపార్ట్‌మెంట్లలో ఇంకో రకం. బచ్చళ్లన్నీ ఒకే సన్నని డక్ట్‌లోకి, అంటే గోడల మధ్య పైదాకా వదిలిన సందులోకి, తెరుచుకుంటాయి. కింది ఫ్లాటువాళ్లు గీజరు డక్ట్‌లో వేలాడదీస్తే దాని గాలి మేడ మీది ఇంటి బచ్చలిలోకి పోతుంది. వాళ్లింట్లో గ్యాస్ గీజరే ఉండకపోవచ్చు, తలనొప్పి మాత్రం వాళ్లకే. ఇది అసోసియేషన్ మీటింగులో మాట్లాడాల్సిన సంగతి. డక్ట్ పైన రేకు కప్పేసి ఉంటే ఇంకా మోసం.

లోపలే పెట్టక తప్పదంటే, పొగ గొట్టం ఉన్న రకం మాత్రమే. లోపలి గాలితో పనిలేకుండా బయటి గాలే తీసుకుని బయటికే వదిలే సీల్డ్ రకాలున్నాయి, రేటెక్కువ. గొట్టం మాత్రమే ఉన్నదైతే ఆ గొట్టం ఇంటి బయట ముగియాలి, అటక మీద కాదు. వంపులు ఎంత తక్కువుంటే అంత మంచిది. గాలి లోపలికి రావడానికి కింద ఒక దారి, పోవడానికి పైన ఒక దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి. కింద ఒక్కటే ఉంటే చాలదు. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే నేలబారుగా పాకుతుంది, దానికి కింది సందు పనికొస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ బరువు దాదాపు గాలి బరువే, వేడిమంటతో కలిసి పైకి లేచి గదంతా కలిసిపోతుంది.

గొట్టం పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఊదుబత్తి చాలు. బచ్చలి తలుపు, కిటికీలు మూయండి. ఎగ్జాస్ట్ ఫ్యాను, వంటింటి చిమ్నీ ఉంటే అవి కూడా వేయండి. కొళాయి తిప్పి గీజరును ఐదు నిమిషాలు మండనిచ్చి, గొట్టం గీజరుతో కలిసేచోట ఊదుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి పీల్చుకుపోతే సరే. మీ ముఖం వైపు వచ్చిందంటే గొట్టం వెనక్కు కక్కుతోంది. వెంటనే కొళాయి కట్టేసి తలుపు తెరవండి. చాలాసార్లు దీనికి కారణం ఆ ఎగ్జాస్ట్ ఫ్యానే. లోపలికి గాలి వచ్చే దారి లేనప్పుడు ఫ్యాను గొట్టంలోంచే వెనక్కు లాగుతుంది. ఫ్యాను ఉంది కదా, భయం లేదనుకోవడం పొరపాటు. ఈ పరీక్ష గ్యాస్ వాసన ఏమాత్రం ఉన్నా చేయొద్దు.

పైపు గ్యాస్ వచ్చిన వీధుల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. సిలిండర్ గ్యాస్‌కూ పైపు గ్యాస్‌కూ జెట్లు, అంటే బర్నర్లోకి గ్యాస్ చిమ్మే సన్న రంధ్రపు ముక్కలు, వేరు. పైపు గ్యాస్ జెట్ రంధ్రం పెద్దది. అట్లాంటి పొయ్యిని తెచ్చి సిలిండర్‌కు కలిపితే గ్యాస్ ఎక్కువై, గాలి చాలక పసుపు మంటతో మసి కక్కుతుంది. ఇల్లు మారేటప్పుడు పాత పొయ్యి ఏ గ్యాస్‌దో చూసుకుని కలిపించండి.

మంటను చూడటం

గీజరు ముందుభాగంలో చిన్న కిటికీ ఉంటుంది. ఎప్పుడో ఒకసారి అందులోంచి చూడండి. మంట నీలంగా, పొట్టిగా, గట్టిగా నిలబడి ఉండాలి. పసుపు నాలుకలు పైకి లేస్తుంటే గాలి చాలడం లేదు. గీజరు పైకప్పు దగ్గర పెయింటు గోధుమరంగుకు తిరిగినా, గోడ మీద నల్లచార పడినా అదే సంగతి. లోపల రాగి రెక్కల మధ్య మసి పేరుకుపోయి ఉంటుంది. మసి పేరితే పొగ పైకి పోదు, పొగ పోకపోతే మంట ఇంకా చెడుతుంది, ఇంకా మసి పడుతుంది.

మన బోరునీళ్ల ఉప్పు లోపలిగొట్టాల్లో పేరుకునే సంగతి అందరికీ తెలిసిందే. దానివల్ల నేరుగా విషగాలి పుట్టదు. నీళ్లు వేడెక్కడం తగ్గుతుంది, గీజరు ఎక్కువసేపు మండుతుంది, అంతే. అసలు శత్రువు ఆషాఢ గాలి దుమ్ము. మూడు నెలలు వాడకుండా గోడకు వేలాడిన గీజరు బర్నర్లో గాలి పీల్చే సందులన్నీ ఎర్రమన్నుతో, బూజుతో మూసుకుపోయి ఉంటాయి. కందిరీగ పెట్టిన మట్టిగూడు కూడా చూశాను. అందుకే దసరా అయ్యాక, చలి మొదలవకముందే ఒకసారి విప్పించి బర్నరు, రెక్కలు శుభ్రం చేయించండి. మెకానిక్ వచ్చి బ్యాటరీలు మార్చి, పైన గుడ్డతో తుడిచి పోతే అది సర్వీసు కాదు. కవరు విప్పాడా లేదా, పక్కన నిలబడి చూడండి.

"జెట్ కొంచెం పెద్దది చేస్తా, మంట బాగా వస్తుంది" అని ఎవరన్నా పిన్నుతో, డ్రిల్లుతో జెట్‌ను తొలచబోతే ఆపండి. ఆ రంధ్రం కొలత అంత గాలికి అంత గ్యాస్ అని పెట్టింది. పెద్దదైతే మంట పెద్దదే వస్తుంది, పసుపుగా. జెట్ పాడైతే కొత్తది వేయాలి, ఖరీదు కూడా ఏం ఉండదు.

వంటింటి కిటికీ

పొయ్యి వల్ల గీజరంత ప్రమాదం ఉండదు. మంట చిన్నది, గది పెద్దది, మనుషులు వస్తూ పోతూ ఉంటారు. అయినా మన జిల్లాలో ఒక అలవాటుంది. గాలికి మంట ఆరిపోతోందని వంటింటి కిటికీ మూసేయడం. గుట్టల మీద గాలిమరలు నిలబెట్టుకున్న జిల్లా మనది, ఆ గాలి వంటింట్లోకి రాకుండా ఎట్లుంటుంది? కిటికీ మూయకుండా పొయ్యినే జరపండి. కిటికీకి ఎదురుగా ఉన్న బండ మీది నుంచి పక్క బండకు మార్చండి. లేదా కిటికీ కింది రెక్క మూసి పై రెక్క తెరిచిపెట్టండి.

పెద్ద గిన్నెలతో జాగ్రత్త. పదిమందికి సంగటి కెలికే అడుగు వెడల్పు గిన్నెను చిన్న బర్నర్ మీద, స్టాండు లేకుండా ఆనించి పెడితే మంట చుట్టూ గాలి ఆడదు. మంట చల్లని గిన్నె అడుగును తాకి, పూర్తిగా మండకముందే చల్లారుతుంది. గిన్నె అడుగు మసిబారితే అది గుర్తు. తోముకోవడం కష్టమని విసుక్కుంటాం, ఎందుకు మసిబారిందని అడగం. బర్నరు మూత తీసి, సంగటి పొంగి ఎండిన చిల్లులను కుట్టుసూదితో పొడిచి, బ్రష్‌తో కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి. సూది బర్నరు చిల్లులకే, కింద జెట్‌కు కాదు. మూత వంకరగా కూర్చున్నా ఒకపక్క పసుపు మంట వస్తుంది.

శుభకార్యాలకు తెచ్చే భట్టీ పొయ్యిని వాననో ఎండనో గది లోపల పెట్టకండి. షామియానా కింద పెట్టాల్సిన వస్తువది. బాలింత గదిలో తలుపులన్నీ మూసి బొగ్గుల కుంపటి పెట్టడం గ్యాస్‌తో సంబంధం లేని విషయమే అయినా చెప్పకుండా ఉండలేను. బొగ్గులు పొగ లేకుండా కణకణ మండుతున్నప్పుడే కార్బన్ మోనాక్సైడ్ బాగా వదులుతాయి. సాంబ్రాణి వేయాలంటే వేసి కుంపటి బయటికి తెచ్చేయండి, రాత్రంతా మంచం కింద ఉంచకండి. గర్భంలో ఉన్న బిడ్డకు తల్లికన్నా ఎక్కువ హాని చేస్తుందిది, బిడ్డ రక్తంలోంచి ఇంకా నిదానంగా పోతుంది. కడుపుతో ఉన్నవాళ్లున్న ఇంట్లో గీజరు విషయం వాయిదా వేయొద్దు.

చివరి స్నానం ఎవరిది

భోగి రోజు తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకుంటారు. చలి. వెంటిలేటర్ పలకల మధ్య అట్టముక్కలు, తలుపు కింద సందులో గోనెపట్ట. లోపల గీజరున్న ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు పోతుంటారు. మొదట పిల్లలు, తర్వాత మగవాళ్లు, అందరికీ నీళ్లు పోసి, చివర ఇంటికోడలు. గదిలో గాలి ఒక్కొక్కరి స్నానానికీ చెడుతూ వస్తుంది. పడిపోయేది ఎక్కువగా ఆ చివరి మనిషే. నాకు తెలిసిన ఒకింట్లో అట్లే జరిగింది. బీపీ అన్నారు, ఉపవాసముంది కదా నీరసమన్నారు, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయని మూర్ఛ అన్నారు. మూర్ఛ మందులు చాలాకాలం మింగింది. ఎండాకాలంలో ఒక్కసారీ రాలేదు. గీజరు బయటికి తీశాక మళ్లీ రాలేదు. ఇది ఆ ఒక్కింటి కథ కాదు, మన దేశంలో మెదడు, నరాల డాక్టర్లు దీన్ని గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని వైద్య పత్రికల్లో రాశారు. మూర్ఛ బచ్చలిలో మాత్రమే వస్తుంటే డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి.

చాలా గీజర్లు 20 నిమిషాలకు వాటంతటవే ఆరిపోతాయి. అది పాడవడం కాదు, కాపాడటానికే. ఆరిన వెంటనే కొళాయి కట్టేసి తిప్పితే మళ్లీ వెలుగుతుంది, అందరూ చేసేదీ అదే. కొన్నింట్లో ఆక్సిజన్ తగ్గితే ఆపే సెన్సార్ ఉంటుంది. "మాటిమాటికీ ఆరిపోతోంది, ఆ వైరు పీకెయ్" అని నన్నడిగినవాళ్లున్నారు. పీకను. అది ఆరిపోతోందంటే గదిలో గాలి లేదని.

గీజరు బయటికి మార్చేదాకా తాత్కాలికంగా ఇట్లా చేయండి. తలుపు తెరిచి బకెట్లు నింపుకుని, గీజరు కట్టేసి, కాసేపు గాలి ఆడనిచ్చి, అప్పుడు లోపలికి పోయి గడియ పెట్టుకోండి. షవర్ కింద, గీజరు మండుతుండగా స్నానం వద్దు. ముసలివాళ్లు, పిల్లలు లోపల గడియ వేసుకోకుండా చూడండి. ఒకరికీ ఇంకొకరికీ మధ్య తలుపు బార్లా తెరిచిపెట్టండి. ఆ అట్టముక్కలు తీసేయండి.

అలారం కొనేటప్పుడు

బజార్లో గ్యాస్ డిటెక్టర్ అని అమ్మేవాటిలో చాలావరకు సిలిండర్ లీకును పసిగట్టేవే. కార్బన్ మోనాక్సైడ్‌కు అవి మోగవు. డబ్బా మీద కార్బన్ మోనాక్సైడ్ అని, ఈఎన్ 50291 గానీ యూఎల్ 2034 గానీ ఉందేమో చూడండి, అవి ఈ అలారాల ప్రమాణాల నంబర్లు. ఈఎన్ రకం 50 పీపీఎం దగ్గర గంట నుంచి గంటన్నరలోపు, 100 దగ్గర 10 నుంచి 40 నిమిషాల్లో, 300 అయితే 3 నిమిషాల్లోపు మోగాలి. తడి ఆవిరికి సెన్సార్ పాడవుతుంది కాబట్టి బచ్చలి లోపల పెట్టొద్దు, బయట గదిలో, మనుషులు పడుకునే చోట పెట్టండి. గడువు తేదీ వెనక అచ్చువేసి ఉంటుంది. అలారం ఉంది కదా అని గీజరు లోపలే ఉంచుకుంటామంటే నేను ఒప్పుకోను.

మనిషి పడిపోతే

ముందు గుర్తులు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్లుండటం, కాళ్లలో సత్తువ లేకపోవడం. జ్వరం ఉండదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఉంటుంది, బయట తిరిగొస్తే తగ్గుతుంది, ఇంట్లోకొస్తే మళ్లీ మొదలు. ఒళ్లు ఎర్రబడుతుందని ఎక్కడో చదివి దానికోసం చూడొద్దు, బతికున్నవాళ్లలో అది అరుదు.

బచ్చలిలోంచి పలుకు లేకపోతే తలుపు కొట్టుకుంటూ నిలబడొద్దు. ఒకరు సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయాలి, ఒకరు తలుపు పగలగొట్టాలి. తలుపు తెరవగానే మీరూ అక్కడే కూర్చుని లేపబోకండి, చంకల కింద పట్టుకుని గాలిలోకి లాక్కురండి. 108కు ఫోను చేయండి. ఊపిరి ఆడకపోతే, నేర్చుకున్నవాళ్లుంటే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. తెలివిలేని మనిషి నోట్లో నీళ్లు, నిమ్మరసం పోయొద్దు. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం లాంటివాటితో నిమిషాలు పోతాయి. 1906 అనేది గ్యాస్ లీకుకు నంబరు, మనిషి పడిపోయినప్పుడు ముందు 108.

కరోనా తర్వాత చాలా ఇళ్లలో వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఉంది. దాన్ని నమ్మొద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ పట్టినదే అనుకుని 98, 99 చూపిస్తుంది. "ఆక్సిజన్ బాగుంది, పడుకో" అని మనిషిని ఇంట్లోనే ఉంచేస్తారు. సర్వజన ఆస్పత్రికి తీసుకుపోయినా, ఇంకెక్కడికి పోయినా, మొదటి మాటగా "బచ్చలిలో గ్యాస్ గీజరుంది, స్నానం చేస్తూ పడిపోయింది" అని చెప్పండి. ఆ మాట చెబితే మాస్కుతో ఆక్సిజన్ వెంటనే పెడతారు, రక్తంలో ఈ విషవాయువు ఎంత పట్టిందో చెప్పే కార్బాక్సీ హీమోగ్లోబిన్ రక్తపరీక్ష చేయించాలా అని ఆలోచిస్తారు. అంబులెన్సులో ఆక్సిజన్ ఎక్కించి ఉంటే, రక్తం తీసేసరికి అంకె తగ్గి కనిపించొచ్చు, అందుకే ఎన్ని గంటలకు పడిపోయిందో, ఎన్ని గంటలకు ఆక్సిజన్ పెట్టారో కూడా చెప్పండి. ఇంట్లో మిగతావాళ్లకు తలనొప్పి ఉంటే వాళ్లను కూడా చూపించండి.

కోలుకుని ఇంటికొచ్చినా కొన్ని వారాలు కనిపెట్టుకుని ఉండాలి. మొదట బాగానే ఉండి, కొన్నాళ్లకు మతిమరుపు, నడక తడబడటం, ఊరికే కోపం రావడం లాంటివి మొదలయ్యేవాళ్లున్నారు. అట్లాంటిది కనిపిస్తే వయసనో, మనసు బాగాలేదనో సరిపెట్టుకోక మళ్లీ అదే డాక్టరు దగ్గరికి పాత కాగితాలతో పోవాలి. ఇంటి దగ్గర గీజరు గ్యాస్ వాల్వ్ కట్టేసి, దాన్ని అక్కడి నుంచి తీయించేదాకా ఎవరూ వెలిగించకుండా ముందు కవరు మీద కాగితం అంటించండి. అద్దె ఇల్లయితే ఓనర్‌కు ఫోటో తీసి పంపండి, గీజరుదీ, దాని పైనున్న వెంటిలేటర్‌దీ, రెండూ ఒకే ఫోటోలో కనిపించేట్లు.